జమ్మలమడుగు లైన్లో జాయింటు

ప్రొద్దుటూరులో సాయినాథ్ ఉద్యోగం పేరు నెట్‌వర్క్ అడ్మినిస్ట్రేటర్. వీధిలో వాళ్లకు అంత పొడుగు పేరు నోరు తిరగక 'నెట్టు సాయి' అని కుదించుకున్నారు. నెట్టు సరిగ్గా వచ్చినన్నాళ్లు అట్లాంటి మనిషి ఒకడున్నాడని ఎవరికీ గుర్తుండదు. ఆగిన ఐదో నిమిషంలో అతనితో పాటు అతన్ని కన్నవాళ్లు కూడా గుర్తొస్తారు. ముందు కేబుల్ టీవీకి, తర్వాత నెట్టుకు, ఇరవై ఏళ్లుగా ఆ తిట్లు తింటూనే నలభై మూడేళ్లవాడయ్యాడు.

ఒకప్పుడు వెంకటరమణయ్య శెట్టి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడు ఊళ్లకూ కేబుల్ టీవీ నడిపేవాడు. జనం టీవీలు వదిలి ఫోన్లు పట్టుకున్నాక అవే స్తంభాల మీద ఇంటర్నెట్ లైన్లు లాగించాడు. ప్రొద్దుటూరు ఆఫీసు మేడమీద ఒక చల్లటి గది. అందులో ఇనుప చట్రాలు, చట్రాల్లో పెట్టెలు, పెట్టెలకు వందల తీగలు. ఊరికొకటి చొప్పున మూడు పెద్ద స్విచ్చి పెట్టెలు. గోడమీది తెరలో మూడు ఊళ్ల పేర్లు, పేరు పక్కన చుక్క. సాయినాథ్ పొద్దున రాగానే చెప్పులు విడిచి ఆ చుక్కల వంక చూస్తాడు. మూడూ పచ్చగా ఉంటే టీ తాగుతాడు, ఒక్కటి ఎర్రబడినా ఆ పూటకు టీ లేనట్టే.

ఆ తర్వాత ఫోన్లు మొదలవుతాయి. పాస్‌వర్డ్ మరిచిపోయినవాళ్లు కొందరు. పక్కింటివాడికి పాస్‌వర్డ్ తెలిసిపోయిందని ఏడ్చేవాళ్లు కొందరు. పులివెందులలో ఒకాయన కొత్త రౌటరుకు దుమ్ము పడుతుందని ఇనుప బీరువాలో పెట్టి తాళం వేసి, సిగ్నలు రావడం లేదని వారం రోజులు పోట్లాడాడు. బీరువా తలుపు కొంచెం తీసి పెట్టండి అన్నా అని సాయినాథ్ చెప్తే, దొంగలొస్తే నువ్వు పూటపడతావా అని అడిగాడు. వీటన్నిటికీ విసుక్కోకుండా బదులు చెప్పడం అతని పనిలో సగం. మిగతా సగం ఆ చల్లటి గదిలో, ఏ తీగ ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో కనిపెట్టుకొని ఉండడం. కొత్తగా చేరిన వాళ్లకు అతను నేర్పే మొదటి పాఠం ఒకటే. తీగ కొస చేతికి దొరికితే, రెండో కొస ఎక్కడుందో చేత్తో తడుముకుంటూ పోయి చూడాలి. చూడకుండా ఎక్కడా గుచ్చకూడదు.

నేర్పిన పాఠం నేర్పినవాడే మరిచిపోయిన రోజు ఒకటుంది. రెండేళ్ల కిందటి దసరా అది. అప్పటి నుంచి సాయినాథ్ పైకి మామూలుగానే ఉన్నాడు గానీ లోపల తేలు కుట్టిన దొంగ లాగానే బతుకుతున్నాడు. కుట్టిన చోటు చూపించలేడు, నొప్పి అనలేడు.

ఆ కథ చెప్పాలంటే నబీ రసూల్ గురించి చెప్పాలి. జమ్మలమడుగు మనిషి. శెట్టి దగ్గర మొట్టమొదటి లైన్‌మన్. సాయినాథ్ కంటే పద్నాలుగేళ్లు పెద్ద. మూడు ఊళ్ల మధ్య ఏ స్తంభం ఎక్కడ వంగింది, ఏ మలుపులో గడ్డి లారీలకు తీగ తగులుతుంది, ఏ ఇంటామె నిచ్చెన వేయనిస్తుంది, ఏ ఇంటామె కుక్కను వదులుతుంది, అంతా ఆయన నోటిమీదే ఉండేది. గాజుపోగు లైన్లు వచ్చిన కొత్తలో ఇద్దరినీ శెట్టి బెంగళూరుకు పంపించి పోగులు అతికే పని నేర్పించాడు. వెంట్రుక మందం గాజుపోగు. దాన్ని స్పిరిటుతో తుడిచి, కొస చదునుగా కోసి, రెండు కొసల్ని యంత్రంలో ఎదురెదురుగా పెడితే అది కరిగించి అతుకుతుంది. దాన్నే జాయింటు అంటారు. కోయడంలో ఈగ కాలంత తేడా వచ్చినా వెలుతురు అవతలికి పోదు. సాయినాథ్‌కు పదింట్లో నాలుగు చెడిపోయేవి. రసూల్‌కు పదికి పదీ కుదిరేవి. ఆయన మునివేళ్లలో ఏదో ఉండేది.

"నాకు చదువు లేదు కదప్పా, అందుకే చేతులు నా మాటింటాయి," అనేవాడు నవ్వుతూ.

వాళ్లిద్దరికీ పండగల మార్పిడి ఒకటుండేది. రంజానుకూ బక్రీదుకూ సాయినాథ్ నిచ్చెన భుజాన వేసుకొని లైను మీదికి పోయేవాడు. ఉగాదికీ దసరాకూ రసూల్ పోయేవాడు. పదహారేళ్లు ఈ లెక్క తప్పలేదు. రంజాను పూట సాయినాథ్ ఏ స్తంభం మీదున్నా రసూల్ భార్య ఖాతూన్‌బీ వండిన సేమ్యా టిఫిను అక్కడికే వచ్చేది.

ఆ ఏడు దసరా అష్టమి నాడు గడ్డి లారీ ఒకటి జమ్మలమడుగు దారిలో, ఊరు ఇంకా మూడు కిలోమీటర్లుందనగా, తీగను తెంచుకొని పోయింది. రసూల్ సాయంత్రానికల్లా జాయింటు వేశాడు. చుక్క పచ్చబడింది. మరుసటి రోజు నవమి, ఆయుధపూజ. శెట్టికి ఆ పూజ మీద శానా గురి. ఆఫీసులో కత్తెర నుంచి జీపు దాకా అన్నిటికీ కడుగుళ్లు, బొట్లు. మేడమీది పెట్టెలను మాత్రం సాయినాథ్ తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. పది నిమిషాలు లైను ఆపుతున్నామని అందరికీ మెసేజి పెట్టి, తీగలు పీకి, పెట్టెలు తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, మళ్లీ తీగలన్నీ ఎక్కడివక్కడ గుచ్చడం ప్రతి ఏడూ అతని పని.

ఆ రోజు శెట్టి పూలదండతో మెట్లెక్కుతుంటే సాయినాథ్ ఇంకా తీగలు గుచ్చుతూనే ఉన్నాడు. చివర్న జమ్మలమడుగు పెట్టె దగ్గర నీలం తీగ ఒకటి కొస వేలాడుతూ మిగిలిపోయింది. దండ వేసి ఫోటో తీసుకునే చోట అది వికారంగా కనపడింది. సాయినాథ్ దాన్ని తీసుకొని ఖాళీగా ఉన్న రంధ్రంలో గుచ్చేశాడు. రెండో కొస ఎక్కడుందో చేత్తో తడుముకుంటూ పోలేదు. అది అదే పెట్టెలో, వెనక వరసలో ఉంది. ఒకే తీగ రెండు కొసలూ ఒకే పెట్టెలో ఉంటే లోపలికొచ్చిన సమాచారం గానుగెద్దు లాగా అక్కడక్కడే తిరుగుతుంది. తిరిగేకొద్దీ పెరుగుతుంది. కొత్త పెట్టెలైతే కనిపెట్టి ఆపుకుంటాయి. అది పాతది, నిమిషంలో చేతులెత్తేసింది.

హారతి అయ్యేసరికి తెరమీద జమ్మలమడుగు చుక్క ఎర్రగా ఉంది. కింద ఫోన్లు మోగడం మొదలుపెట్టాయి. పండగ పూట కువైటులో, దుబాయిలో ఉన్నవాళ్లు ఇళ్లకు వీడియో కాల్ చేసే వేళ. శెట్టి కర్పూరం పళ్లెం పట్టుకొనే తెర చూశాడు.

"ఏంది సాయీ, రసూల్ నిన్న ఏసిన జాయింటు ఊడిపాయనా?"

మిగతా రెండు ఊళ్లూ బాగానే వచ్చాయి కాబట్టి తన చేతిపని మీద సాయినాథ్‌కు అనుమానం రాలేదు. రానివ్వలేదు అంటేనే న్యాయం. "అదే అయ్యుంటాది సార్," అన్నాడు.

రసూల్‌కు ఫోను చేశాడు. ఊళ్లో నెట్టు ఆగిందని తెలిసి ఆయన అప్పటికే ఎండలో ఆ స్తంభం ఎక్కి ఉన్నాడు.

"వెలుతురు బాగొస్తాంది సాయప్పా. మీటర్లో చూసినా. జాయింటు గట్టిగుండాది. నీ పక్క ఒకసారి చూసుకో."

"నా పక్క అంతా బాగుండాది మామా. ఈడ శెట్టి నిలబడిండాడు. కోసి మళ్ల ఏయి."

"కోయమంటావా?"

"కోయి మామా."

రసూల్ కోశాడు. శెట్టి పులివెందుల ఆఫీసు పూజకు జీపెక్కాడు. గదిలో ఒక్కడే మిగిలాక సాయినాథ్ కుర్చీలో కూలబడి జమ్మలమడుగు పెట్టె వంక చూశాడు. దాని దీపాలన్నీ ఒక్కసారిగా వెలుగుతూ ఒక్కసారిగా ఆరుతున్నాయి. ఆ వెలగడం ఎందుకో అతనికి వెంటనే అర్థమైంది. నీలం తీగను చేత్తో తడుముకుంటూ పోయాడు, రెండో కొస దొరికింది, పీకేశాడు. దీపాలు నెమ్మదించాయి. అవతల రసూల్ తీగ కోసి పెట్టాడు కాబట్టి చుక్క ఎర్రగానే ఉంది. ఇరవై నిమిషాల తర్వాత ఆయన జాయింటు పూర్తి చేయగానే పచ్చబడింది.

ఫోను మోగింది. "వచ్చిందా సాయప్పా?"

"వచ్చింది మామా."

అవతల స్తంభం మీది గాలి చప్పుడు వినపడింది. "అయితే తప్పు నాదేనప్పా. మీటరు బాగనే చూపిచ్చె. అది కూడా నా మాదిరే ముసలిదైనట్టుండాది," అన్నాడు రసూల్.

నిజం చెప్పడానికి అంతకంటే సులువైన వేళ మళ్లీ రాలేదు. తప్పు నాది మామా, దిగిరా, ఇంటికి పోయి భోంచెయ్యి అంటే సరిపోయేది. రసూల్ నాలుగు తిట్లు తిట్టి నవ్వేసేవాడు. సాయినాథ్ మాత్రం "పోనీలే మామా, అయితాంటాది," అన్నాడు. తను చేసిన తప్పుకు ఎదుటివాణ్ణి క్షమించాడు. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ అతనికి నోరు చేదవుతుంది.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఏ నిమిషంలో ఏం జరిగిందో పెట్టె తనలో రాసిపెట్టుకుంటుంది. ఆ సాయంత్రం సాయినాథ్ ఆ రాతలన్నీ తుడిచేశాడు. వారం తర్వాత శెట్టి పనివాళ్లందరినీ పిలిచి కూర్చోబెట్టి, పండగ పూట పరువు పోయిందని, వయసైనవాళ్లు కళ్లద్దాలైనా మార్చుకోవాలని అన్నాడు. పేరు చెప్పలేదు గానీ అందరూ రసూల్ వైపు తిరిగారు. ఆయన లేచి నిలబడి, "ఇంకోసారి కాదులే శెట్టీ," అన్నాడు. సాయినాథ్ తలవంచి ఫోన్లో ఏదో వెతుకుతున్నాడు. ఏమీ వెతకడం లేదని మనకు తెలుసు.

దాని తర్వాత రసూల్ మనిషి మారిపోయాడు. ఒక్కసారికే కుదిరే జాయింటును కోసి మళ్లీ వేసేవాడు, మళ్లీ కోసేవాడు. ప్రతి స్తంభం మీది నుంచీ ఫోను చేసి, "ఒకసారి చూడప్పా, వచ్చిందా? బాగ చూడు," అనేవాడు. బాగుంది మామా అని సాయినాథ్ ఎన్నిసార్లు చెప్పినా నమ్మకం కుదిరేది కాదు. ఐదు నెలలకు, ఒక పొద్దున, ఆయన జాయింటు యంత్రాన్ని శుభ్రంగా తుడిచి, పెట్టెలో సర్ది తెచ్చి సాయినాథ్ బల్ల మీద పెట్టాడు.

"చేతులు పోయినాయప్పా. ఇంక నేను పట్టుకోను," అన్నాడు.

జమ్మలమడుగులో బావమరిది పరుపుల అంగడి ఉంటే అందులో కుట్టుపనికి కూర్చున్నాడు.

సాయినాథ్ భార్య వాసవికి ఈ సంగతంతా తెలుసు. మొగుడు అన్నం ముందు కూర్చొని ముద్ద కలుపుతూ ఆగిపోతుంటే ఒకరోజు నిలదీసి చెప్పించుకుంది. "పోయి చెప్పేయరాదా. కొడ్తాడా, చంపుతాడా?" అంది. కొడితే బాగుండునని సాయినాథ్ అనుకున్నాడు గానీ పోలేదు. ఉద్యోగం పోతుందనే భయం కొంత. రసూల్ మామ ముఖం చూడాల్సి వస్తుందనే భయం అంతకు పదింతలు. రేపు రేపంటూ రెండేళ్లు దాటించాడు. ఆ రెండేళ్లలో వచ్చిన రంజాన్లకు లైను మీదికి ఎవరో కుర్రలైన్‌మన్లు పోయారు. సేమ్యా టిఫిను మాత్రం రెండుసార్లూ ఆఫీసుకు వచ్చింది. సాయినాథ్ దాన్ని కింద పనివాళ్లకు పంచిపెట్టేశాడు.

మొన్న శెట్టి పులివెందుల నుంచి తుమ్మలపల్లె వైపు కొత్త లైను మొదలుపెట్టాడు. కొత్తవాళ్లను తీసుకున్నాడు, వాళ్లు వేసే జాయింట్లు సగం నిలవడం లేదు. ఒకరోజు మేడమీదికొచ్చి తనే అన్నాడు.

"రసూల్‌ను పిలుచుకోని రా సాయీ. స్తంభం ఎక్కే పని లేదని చెప్పు. కుర్చీలో కూచోని ఈళ్లకు నేర్పిస్తే చాలు. ఆ పొద్దు నేను కూడా రొంత ఎక్కువ అంటిలే. నువ్వు చెప్తే ఇంటాడు."

అట్లా వచ్చింది వేళ. రసూల్‌ను పనిలోకి తేవాలంటే ఆయన చేతులు బాగున్నాయని ఆయనకే నమ్మకం కలగాలి. అది చెప్పగలిగినవాడు లోకంలో ఒక్కడే ఉన్నాడు. శుక్రవారం నమాజు వేళ దాటాక సాయినాథ్ జమ్మలమడుగు పోయాడు. దారిలో ఆ స్తంభం వచ్చినప్పుడు తల తిప్పుకున్నాడు.

అంగడిలో చాప మీద పరుపు పరిచి రసూల్ కుడుతున్నాడు. పక్కన ఖాతూన్‌బీ దూది సర్దుతోంది. సాయినాథ్‌ను చూడగానే ఆయన ముఖం విప్పారింది.

"రాప్పా సాయప్పా. ఎన్ని దినాలైపాయ నిన్ను చూసి. కూచో, కూచో. చుక్కలన్నీ పచ్చగుండాయా?"

దారం అయిపోయింది. రసూల్ సూది భార్య చేతికిచ్చాడు. ఆమె దారం ఎక్కించి తిరిగిచ్చింది.

"ఆయప్ప ఎక్కించేది మానేసినాడు నాయనా. చెయ్యి వణుకుతాందంటాడు. నాకైతే వణికేది కనపడదు," అంది ఖాతూన్‌బీ.

సాయినాథ్ శెట్టి మాట చెప్పాడు. రసూల్ కుట్టడం ఆపకుండా విన్నాడు.

"వద్దులేప్పా. తప్పు చేసినోడు నేర్పిస్తే నేర్చుకునేటోళ్లకు తప్పే వస్తాది. శెట్టికి నా సలాం చెప్పు."

"నువ్వు తప్పు చేయలేదు మామా," అన్నాడు సాయినాథ్. "ఆ పొద్దు నీ జాయింటు బాగుండె. తప్పు నాది. పూజలో తీగ నేనే తప్పుగా గుచ్చినా. నువ్వు స్తంభం మీదుండంగానే నాకు దొరికింది. పీకేసినా. నీకు చెప్పలేదు."

సూది ఆగింది. రసూల్ తలెత్తాడు.

"ఎప్పుడు తెలిసె నీకు?"

"ఆ పొద్దే మామా."

రసూల్ ముఖంలో ముందు అనుమానం లాంటిది కదిలింది. తర్వాత మెల్లగా నవ్వు వచ్చింది. ప్రేమగా, పిల్లవాడి అబద్ధం పట్టుకున్న నవ్వు.

"ఇరవై ఏండ్లుగా ఎరుగుదును సాయప్పా నిన్ను. ఆ పొద్దే తెలిసింటే నువ్వు చెప్పకుండా ఉండేటోనివా? నేను అందరి ముందర నిలబడితే చూస్తా ఊరకుండేటోనివా? నీ మాదిరి మనిషికి చేతనయ్యే పనేనా అది?"

"చేసినా మామా."

"పెట్టె అంతా రాసిపెట్టుకుంటాదని నువ్వే చెప్తివి గదా. ఆ రాత చూపీ, నమ్ముతా."

"తుడిచేసినా."

"చూస్తివా," అన్నాడు రసూల్, గెలిచినవాడి లాగా.

"మామా, నా బిడ్డ మీద ఒట్టు."

రసూల్ సూది పక్కన పెట్టి, రెండు చేతుల్తో సాయినాథ్ చెయ్యి పట్టుకున్నాడు. "పెట్టాకు. నా కోసరం బిడ్డ మీద అబద్ధం ఒట్టు పెట్టాకు నాయనా. నా మనసు కుదుటపడాలని నువ్వెంత తపిస్తాండావో నాకు తెలీదా?" అని భార్య వైపు తిరిగాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "ఇంటివా ఖాతూన్. నా తప్పు నెత్తికెత్తుకోని నన్ను మళ్ల పనిలో పెట్టేకి వచ్చిండాడు. ఇట్లాంటోళ్లు ఉండారు కాబట్టే ఇంకా వానలు పడ్తాండాయి."

తనని పట్టుకున్న ఆ చేతుల వంక చూశాడు సాయినాథ్. అవి ఇసుమంత కూడా వణకడం లేదు. ఆ మాట చెప్పినా ఆయన నమ్మడు. నిజం చెప్పడానికి కూడా ఒక గడువుంటుందని, అది దాటితే నిజానికి విలువ లేదని, నలభై మూడేళ్ల వయసులో అతనికి అప్పుడు తెలిసింది.

ఖాతూన్‌బీ మొగుణ్ణి చూడడం లేదు, సాయినాథ్‌నే చూస్తోంది. ఇంక కూర్చోలేక అతను లేచి బండి దగ్గరికి వస్తే వెనకాలే వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, లోపలికి వినపడకుండా చెప్పింది.

"నేను నమ్మినా నాయనా."

సాయినాథ్ నోరు తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"మళ్ల ఆ మాట ఎత్తాకు ఆయప్ప కాడ. చేతులు పోయినాయంటే ఎట్లనో ఓర్చుకున్నాడు. నువ్వు పోయినావంటే ఓర్చుకోలేడు."

సాయినాథ్ బండి తాళం పట్టుకొని అట్లాగే నిలబడిపోయాడు. సాయప్ప టీ తాగకుండా పోతాండాడేమో చూడమని లోపలి నుంచి రసూల్ భార్యను కేకేస్తున్నాడు.